భోజనం తర్వాతి నాలుగు గంటలు

మా మావయ్య దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. అట్ట మీద మనవరాలి పేరు, క్లాసు కొట్టేసి కింద "షుగర్" అని రాసుకున్నాడు. లోపల స్కేలుతో గీసిన మూడు గళ్ళు: తేదీ, పరగడుపున, భోజనమయిన రెండు గంటలకి. నాలుగో గడి లేదు. బదులుగా మార్జిన్‌లో అప్పుడప్పుడూ ఒక్క మాట ఉంటుంది. "జ్వరం". "పెళ్ళి". "మామిడిపండు 1". నేను చదివిన డైరీల్లో ఇంత పొదుపైనది మరోటి లేదు.

ఆ పుస్తకంలో ఒకచోట నాలుగు నెలలపాటు అంకెలు శాంతిస్తాయి. 112, 118, 109, 121. ఆ నాలుగు నెలలూ ఆయన అన్నం ముట్టలేదు. కొబ్బరి నూనె, నెయ్యి, గుడ్లు, మాంసం, మీగడ. 2018 ప్రాంతాల్లో మన ఊళ్ళని ఊపేసిన పద్ధతే. ఆ తర్వాత ఒక ఆదివారం మేనకోడలి గృహప్రవేశం. పులిహోర, పరమాన్నం, కాస్త పప్పన్నం. రెండు గంటలకి 264. మార్జిన్‌లో ఎర్ర ఇంకుతో "అన్నం".

"చూశావురా, ఒక్క పూట తిన్నందుకే ఇంత! అన్నం విషం అని ఊరికే అన్నారా?" అన్నాడు.

నేను పేజీలు వెనక్కి తిప్పాను. ఈ తిండి మొదలెట్టక ముందు పండగ భోజనాల రోజున రాసుకున్న అంకెలు కూడా ఉన్నాయి. సంక్రాంతికి 208. ఉగాదికి 214. ఆ రోజుల్లోనూ పులిహోర ఉంది, పాయసం ఉంది. మాత్రలు అవే. అంటే నాలుగు నెలలు అన్నం మానేసి, పదకొండు కిలోలు తగ్గిన ఒళ్ళు అదే అన్నానికి మునుపటికన్నా గట్టిగా తిరగబడింది. మావయ్య దాన్ని అన్నం మీద సాక్ష్యంగా చదివాడు. అదే అంకెని ఆ నాలుగు నెలల తిండి మీద సాక్ష్యంగా కూడా చదవొచ్చు. ఒక అంకె, రెండు పాఠాలు. సాహిత్య విమర్శ చేసేవాడికి ఇది బాగా తెలిసిన ఇబ్బందే. ఏ పాఠం సరైనది అనేకంటే ముందు, ఆ మొదటి పాఠం ఆయనకి అంత సహజంగా ఎలా తోచింది అనే ప్రశ్న నన్ను పట్టుకుంది. అలా చదవడం ఆయనకి ఎవరో నేర్పారు. ఆ నేర్పిన పుస్తకాల గురించే ఈ వ్యాసం.

మావయ్య ఆ పుస్తకాలేవీ చదవలేదు. ఫంక్షన్ హాల్లో ఒక ప్రసంగం, యూట్యూబ్‌లో ఇంకో నలభై విన్నాడు. కానీ ఆ ప్రసంగాల వెనక ఒక పుస్తకాల వంశం ఉంది. దానికి మూలపురుషుడు లండన్‌లో అంత్యక్రియలు ఏర్పాటు చేసే వ్యాపారి, విలియం బాంటింగ్. (ఇన్సులిన్‌తో పేరొచ్చిన ఫ్రెడరిక్ బాంటింగ్ వేరే.) 1863లో ఆయన స్థూలకాయం మీద ప్రజలకి ఒక లేఖ అని చిన్న పుస్తకం అచ్చేసి మొదట ఉచితంగా పంచాడు. అందులో ఆయన పడ్డ అవస్థ చదివితే జాలేస్తుంది. బూట్లు కట్టుకోవడానికి వంగలేడు. మెట్లు దిగాలంటే వెనక్కి తిరిగి దిగేవాడు. చెవుడొస్తోందని విలియం హార్వే అనే డాక్టరు దగ్గరకి వెళ్తే, ఆయన రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంపలు మానమన్నాడు. ఏడాదిలో 46 పౌండ్లు తగ్గాడు. స్వీడిష్ భాషలో డైటింగ్ చేయడానికి వాడే క్రియ 'బాంటా' ఈయన పేరులోంచే పుట్టింది. కీటో వాళ్ళు తాతగారని చెప్పుకునే ఈ మనిషి నిషేధాల జాబితాలో వెన్న కూడా ఉందన్న సంగతి మాత్రం సాధారణంగా ప్రస్తావనకి రాదు.

బాంటింగ్ కనిపెట్టింది తిండి పద్ధతి ఒక్కటే కాదు. ఒక కథన రూపాన్ని కూడా కనిపెట్టాడు. కష్టాల్లో ఉన్న భక్తుడు, ఎక్కడా దొరకని పరిష్కారం, అనుకోకుండా ఎదురైన గురువు, నియమాలు, ఫలం, ఆ పైన లోకానికి చెప్పాలన్న ఆరాటం. మనకి ఈ రూపం కొత్తది కాదు. వ్రతకథ వినని తెలుగిల్లు ఉందా? ఫలానా ఊళ్ళో ఒక పేదవాడు ఉండేవాడు, వ్రతం చేశాడు, సకల సంపదలూ కలిగాయి. మధ్యలో ఒకరు ప్రసాదం తినకుండా వెళ్ళిపోయి సర్వం పోగొట్టుకుంటారు. డైట్ పుస్తకాల్లో తేడా అల్లా ఇక్కడ పాపం ప్రసాదం తినడం.

వ్రతకథలో వ్రతం ఎప్పుడూ తప్పు కాదు. ఫలితం రాకపోతే భక్తుడిదే లోపం. గృహప్రవేశం రోజు 264 వచ్చినప్పుడు మావయ్య ముఖంలో నేను చూసింది ఆశ్చర్యం కాదు, అపరాధ భావం. వ్రతభంగం అయిపోయింది. ఇక ఆ అంకెకి వేరే అర్థం వెతకాల్సిన పనే లేకపోయింది.

బాంటింగ్ తర్వాత చాలామంది వచ్చారు. 1972లో రాబర్ట్ అట్కిన్స్ 'డైట్ రివల్యూషన్' పుస్తకంతో అమెరికాని ఊపేశాడు. దాన్ని నేను గబగబా దాటేస్తాను. అది పుస్తకం కంటే ఎక్కువగా అమ్మకం. ఈ వంశంలో నిజంగా రచయిత అనదగినవాడు గ్యారీ టౌబ్స్. ఫిజిక్స్ చదువుకున్న సైన్స్ జర్నలిస్టు. కోల్డ్ ఫ్యూజన్ బండారం మీద 1993లో 'బ్యాడ్ సైన్స్' అని పుస్తకం రాశాడు. 2002లో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో కొవ్వు మీద పడ్డ నిందంతా అబద్ధమైతే ఏం కాను అని అడిగిన వ్యాసంతో ఈ రంగంలోకి దిగాడు. 2007లో 'గుడ్ కేలరీస్, బ్యాడ్ కేలరీస్', 2016లో 'ది కేస్ అగైన్‌స్ట్ షుగర్', 2020లో 'ది కేస్ ఫర్ కీటో'. చివరి రెండు పేర్లలోనూ కోర్టు భాష గమనించండి. ఆయన రాసేది వాదన. ప్రాసిక్యూషన్ వాదన, అది కూడా మంచి ప్రాసిక్యూటర్ రాసినది.

'గుడ్ కేలరీస్' నేను రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. గొప్ప పుస్తకమే అంటాను, సంకోచం లేదు. వందేళ్ళ వైద్య పత్రికల్లోంచి మరిచిపోయిన మనుషుల్ని లేపి నడిపిస్తాడు. ఒక అభిప్రాయం శాస్త్రంగా గడ్డకట్టడంలో పదవులు, అహంకారాలు, కమిటీలు ఎంత పని చేస్తాయో ఇంత ఓపికగా చూపించిన రచన తక్కువ. కొవ్వు తింటే కొవ్వెక్కుతారు అన్న తేలిక మాటని ఆయన పడగొట్టిన తీరు ఇప్పటికీ బాగుంటుంది. ఇబ్బంది ఎక్కడంటే, అరవై ఏళ్ళుగా అందరూ ఒక్క విలన్‌ని నమ్మి మోసపోయారని అంత బాగా చెప్పిన మనిషి ఆ ఖాళీ అయిన కుర్చీలో వెంటనే ఇంకో విలన్‌ని కూర్చోబెట్టాడు. పిండిపదార్థాలు ఇన్సులిన్‌ని పెంచుతాయి, ఇన్సులిన్ కొవ్వుని దాస్తుంది, కాబట్టి మనం లావెక్కుతాం, జబ్బు పడతాం. కథ సాఫీగా ఉంది. నిజానికి కథగా దానిలో లోపం కూడా ఏమీ లేదు.

ఒంట్లో జరిగేది మాత్రం అంత సాఫీగా ఉండదు. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆ మూడు నాలుగు గంటల్లో ఏం జరుగుతుందో కాస్త నెమ్మదిగా చూడాలి.

అన్నం తింటే జరిగేది మనందరికీ ఈపాటికి బట్టీ వచ్చు. గ్లూకోజ్ రక్తంలోకి వస్తుంది, పాంక్రియాస్ ఇన్సులిన్ వదులుతుంది, కండరాలు, లివర్ దాన్ని లోపలికి తీసుకుంటాయి. గ్లూకోమీటర్ చూసేది ఈ ఒక్క రంగాన్నే. అదే పూట నూనె, నెయ్యి, మాంసం ఎక్కువగా తింటే కథ వేరే దారిలో నడుస్తుంది. కొవ్వు పేగు గోడల్లో సన్నని బొట్లుగా మూటకట్టుకుంటుంది. వాటిని కైలోమైక్రాన్లు అంటారు. అవి గ్లూకోజ్ లాగా నేరుగా లివర్‌కి పోవు. శోషరస నాళాల గుండా ఛాతీలోంచి పైకెక్కి, మెడ కింద ఎడమవైపు పెద్ద సిరలో కలుస్తాయి. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు మెల్లగా పెరిగి మూడు నుంచి ఐదు గంటల మధ్య శిఖరానికి చేరతాయి. ఆ సమయంలో రక్తం తీసి నిలవబెడితే పైన తేరే ద్రవం పాలలా తెల్లగా కనిపించవచ్చు. లిపిడ్ పరీక్షకి పన్నెండు గంటలు ఏమీ తినకుండా రమ్మనే అలవాటు ఇందుకే వచ్చింది. అంటే మనం రోజులో ఎక్కువ భాగం గడిపే స్థితిని చూడకుండా, తెల్లవారుజాము స్థితిని మాత్రమే చూసి సరిపెట్టుకుంటున్నాం. రక్తనాళాల జబ్బు భోజనం తర్వాతి ఈ గంటల్లోనే మొదలవుతుందేమోనని 1979లోనే జిల్వర్‌స్మిట్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించాడు.

మావయ్య నోట్‌బుక్‌లో ఆ నాలుగు నెలల 112లూ 118లూ అబద్ధాలు కావు. అన్నం లేదు కాబట్టి గ్లూకోజ్ పెరగలేదు. కానీ అవి దేనికి జవాబు? ఇన్సులిన్‌కి ఒళ్ళు ఎంత బాగా స్పందిస్తోంది అన్న ప్రశ్నకి కాదు. ఆ ప్రశ్న ఆ నాలుగు నెలలూ ఎవరూ అడగలేదు. పరీక్ష వాయిదా పడిందంటే పాసయ్యామని కాదు కదా. గృహప్రవేశం రోజున పులిహోర ఆ ప్రశ్న అడిగింది.

ఈ సంగతి కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. 1927లో స్వీనీ అనే డాక్టరు టెక్సాస్‌లో ఆరోగ్యంగా ఉన్న వైద్య విద్యార్థుల్ని గుంపులుగా విడదీసి రెండు రోజులపాటు ఒక్కో గుంపుకి ఒక్కో తిండి పెట్టాడు. కొందరికి పిండి, తీపి పదార్థాలు, కొందరికి దాదాపు కొవ్వే, కొందరికి మాంసకృత్తులు, కొందరికి పస్తు. ఆ తర్వాత అందరి చేతా గ్లూకోజ్ తాగించి రక్తం పరీక్షించాడు. పిండి, తీపి తిన్నవాళ్ళు గ్లూకోజ్‌ని హాయిగా సర్దుకున్నారు. కొవ్వు తిన్నవాళ్ళ, పస్తున్నవాళ్ళ అంకెలు మధుమేహం ఉన్నవాళ్ళవిలా ఎగిశాయి. రెండే రోజుల్లో. 1930ల్లో లండన్‌లో హెరాల్డ్ హిమ్స్‌వర్త్ ఇదే విషయాన్ని ఇంకా పద్ధతిగా చేశాడు. తిండిలో పిండి తగ్గి కొవ్వు పెరిగే కొద్దీ ఆరోగ్యవంతుల్లో కూడా ఇన్సులిన్ పట్ల స్పందన తగ్గుతుందని 1935లో ప్రకటించాడు. 1936లో, మధుమేహుల్లో ఇన్సులిన్‌కి స్పందించేవాళ్ళు, స్పందించనివాళ్ళు అని రెండు రకాలున్నారని చెప్పింది కూడా ఈయనే. ఈ రోజు మనం టైప్ 1, టైప్ 2 అంటున్న విభజనకి బీజం అక్కడుంది.

ఇప్పటికీ గ్లూకోజ్ తాగించి చేసే పరీక్షకి ముందు మూడు రోజులపాటు మామూలుగా, రోజుకి కనీసం 150 గ్రాముల పిండిపదార్థాలు తినమని వైద్య నియమావళి చెబుతుంది. లేకపోతే లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుందని. స్వీనీ ప్రయోగం ఇలా ఒక సూచనగా మిగిలింది. నన్నడిగితే కీటో పుస్తకాలన్నిటి మీదా రాయదగిన ఉత్తమ విమర్శ ఆ ఒక్క సూచన.

ఎందుకలా జరుగుతుందో 1963లో ఫిలిప్ రాండిల్, ఆయన సహచరులు ఒక వివరణ ఇచ్చారు. కండరం ఒకే పొయ్యి మీద రెండు రకాల కట్టెలు మండించగలదు, కొవ్వు ఒకటి, గ్లూకోజ్ ఒకటి. కొవ్వు ధారాళంగా మండుతున్నప్పుడు ఆ మంట నుంచి వచ్చే పదార్థాలే గ్లూకోజ్ మండే దారికి అడ్డం పడతాయి. రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. తర్వాత, 1990ల్లో, యేల్‌లో జెరాల్డ్ షుల్మన్ బృందం ఆరోగ్యవంతుల రక్తంలోకి కొవ్వు ఎక్కించి చూసింది. కొన్ని గంటల్లోనే కండరాలు ఇన్సులిన్ మాట వినడం తగ్గించాయి. స్వీనీ, హిమ్స్‌వర్త్ ప్రయోగాల్లో ఒక సందేహం ఉండేది: తేడా కొవ్వు పెరిగినందుకా, పిండి తగ్గినందుకా? ఒకటి పెంచితే రెండోది తగ్గక తప్పదు కాబట్టి విడదీయలేం. ఈ ప్రయోగంలో కొవ్వు వంతు విడిగా కనిపించింది. షుల్మన్ బృందం రాండిల్ వివరణని కూడా సవరించింది, అడ్డు ఇంకా ముందే, గ్లూకోజ్ లోపలికి వచ్చే వాకిలి దగ్గరే పడుతోందని. ఆ వాదన ఇంకా పూర్తిగా తెగలేదు. ఓర్పు క్రీడల్లో ఉన్నవాళ్ళ కండరాల్లో కూడా కొవ్వు ఎక్కువే ఉంటుంది, కానీ వాళ్ళ ఒళ్ళు ఇన్సులిన్‌కి చక్కగా స్పందిస్తుంది. ఉన్న కొవ్వు ఎంత అన్నదాని కంటే అది కదులుతోందా, నిలవుందా అన్నది ముఖ్యమేమో. చూడండి, విలన్ అనుకున్న కొవ్వు కూడా చేతికి చిక్కడం లేదు.

మరి టౌబ్స్ హిమ్స్‌వర్త్‌ని దాచేశాడా? లేదు. హిమ్స్‌వర్త్ ఆయన పుస్తకాల్లో ఉన్నాడు. కానీ ఏ పాత్రలో? కొవ్వే మధుమేహానికి కారణమని జనాభా లెక్కలు చూపించి చక్కెరని కేసులోంచి తప్పించినవాడిగా. ఆ విమర్శ న్యాయమైనదే, ఆ లెక్కలు బలహీనమైనవి. అయితే అదే మనిషి తన ప్రయోగశాలలో మనుషుల మీద చూసిన విషయం, భోజనం మారితే ఇన్సులిన్ స్పందన మారడం, కథకి అంత బరువుగా పనికిరాలేదు. నవలల్లో మనం తరచూ చూసేదే ఇది. రచయిత ఒక పాత్రని ఒక పని కోసం తెచ్చుకుంటాడు, ఆ పనయ్యాక ఆ పాత్ర నోరు మూయించేస్తాడు.

కీటో పక్షం దగ్గర దీనికి ఒక జవాబుంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. కొవ్వు తినేవాళ్ళలో కనిపించేది జబ్బు కాదు, సర్దుబాటు అంటారు వాళ్ళు. గ్లూకోజ్ తక్కువగా ఉన్నప్పుడు దాన్ని మెదడు కోసం మిగల్చడానికి కండరాలు వద్దంటాయి, పిండి మళ్ళీ తింటే కొద్ది రోజుల్లో మామూలైపోతుంది. ఇది చాలావరకు నిజం. ఆరోగ్యవంతుడి విషయంలో నేను ఒప్పుకుంటాను. పిండి తగ్గిస్తే మధుమేహం ఉన్నవాళ్ళ షుగర్ తగ్గుతుందనీ, మాత్రలు తగ్గించే వీలు కలుగుతుందనీ అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ కూడా 2019లో ఒప్పుకుంది. కానీ అప్పుడు వాళ్ళు చెప్పాల్సిన మాట వేరేలా ఉండాలి: "ఈ తిండి ఉన్నంతకాలం నీ షుగర్ తక్కువ ఉంటుంది. మానేసిన రోజు, మొదటి కొద్ది రోజులు, ముందుకంటే ఎక్కువ కూడా రావచ్చు." ఆ ప్రసంగాలు నేనూ కొన్ని విన్నాను. నేను విన్నవాటిలో ఈ రెండో వాక్యం లేదు. ఉంటే వ్రతకథ చెడిపోతుంది.

నిజంగా ఇన్సులిన్ స్పందన తిరిగి వచ్చిన చోట ఏం జరిగిందో చూస్తే ఇంకా తికమకగా ఉంటుంది. బ్రిటన్‌లో రాయ్ టేలర్, మైక్ లీన్ నడిపిన డైరెక్ట్ అనే అధ్యయనం 2017లో వచ్చింది. మధుమేహం ఉన్నవాళ్ళకి కొన్ని నెలలపాటు రోజుకి 850 కేలరీల లోపు సూప్‌లు, షేక్‌లు మాత్రమే ఇచ్చారు. ఏడాదికి 46 శాతం మంది మందుల్లేకుండా జబ్బు హద్దు కిందికి వచ్చారు. ఆ సూప్‌ల కేలరీల్లో సగానికి పైగా పిండిపదార్థాలవే! బరువు తగ్గింది, లివర్‌లో పేరుకున్న కొవ్వు కరిగింది, అంతే. దానికంటే చాలా ముందు, 1940ల్లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ కెంప్నర్ రక్తపోటు, కిడ్నీ రోగులకి తెల్లన్నం, పళ్ళు, చక్కెర పెట్టి బతికించాడు. వాళ్ళలో మధుమేహం ఉన్నవాళ్ళకి ముదురుతుందనుకుంటే, చాలామందికి తగ్గింది. తెల్లన్నం, చక్కెర! ఇది విని అన్నమే మందు అని ఇంకో వ్రతం మొదలెట్టకండి. అది కూడా అసాధ్యమైన తిండే, కొవ్వు, ఉప్పు ఇంచుమించు శూన్యం.

టౌబ్స్ కథలో నాకు చాలా ఇష్టమైన అధ్యాయం ఆయన పుస్తకాల బయట ఉంది. 2012లో ఆయన, పీటర్ అటియా అనే డాక్టరు కలిసి న్యూసీ అనే సంస్థ పెట్టారు. మాటలు చాలు, ఈ సిద్ధాంతాన్ని కచ్చితమైన ప్రయోగంతో తేల్చుకుందాం అని. ప్రాసిక్యూటరే తన కేసుని పరీక్షకి పెట్టడం అన్నమాట. అందుకు ఆయన్ని గౌరవించాలి. ఆ సంస్థ సాయంతో కెవిన్ హాల్ బృందం 17 మంది స్థూలకాయుల్ని ఆసుపత్రి వార్డుల్లో ఉంచి, ముందు పిండి ఎక్కువున్న తిండి, తర్వాత కీటో తిండి పెట్టి అణువణువూ కొలిచింది. 2016లో ఫలితాలొచ్చాయి. కీటోలో ఇన్సులిన్ సగానికి దగ్గరగా పడిపోయింది. సిద్ధాంతం ప్రకారం కొవ్వు వేగంగా కరగాలి. కరగలేదు, మొదట్లో ఆ వేగం తగ్గింది కూడా. టౌబ్స్ ప్రయోగం తీరునే తప్పుపట్టాడు, ఆయన అభ్యంతరాల్లో కొన్ని ఆలోచించదగ్గవే. కానీ ఆ తర్వాత నాలుగేళ్ళకి వచ్చిన 'ది కేస్ ఫర్ కీటో' వందమందికి పైగా డాక్టర్ల అనుభవాల మీద నిలబడ్డ పుస్తకం. ప్రయోగం నుంచి సాక్ష్యానికి, సాక్ష్యం నుంచి భక్తుల అనుభవాలకి. బాంటింగ్ దగ్గర మొదలైన చోటికే తిరిగొచ్చినట్టయింది.

హాల్ 2021లో ఇంకొకటి చేశాడు. 20 మంది, రెండు వారాలు కీటో, రెండు వారాలు కొవ్వు బాగా తక్కువున్న శాకాహారం, ఎంత కావాలంటే అంత తినొచ్చు. శాకాహారం తిన్నప్పుడు భోజనం తర్వాత గ్లూకోజ్, ఇన్సులిన్ రెండూ ఎక్కువే. అయినా రోజుకి దాదాపు 690 కేలరీలు తక్కువ తిన్నారు. కీటో రెండు వారాల తర్వాత గ్లూకోజ్ తాగిస్తే అంకె ఎక్కువొచ్చింది. స్వీనీ తొంభై నాలుగేళ్ళ క్రితం చూసిందే మళ్ళీ. విలన్ తెర మీద ఉన్నాడు, కానీ చేయాల్సిన హత్య చేయలేదు.

ఇప్పుడు మన పళ్ళెం దగ్గరికి రావాలి. నేను అన్నం తరఫు వకీలుని కాను. మన దేశంలో తినే కేలరీల్లో 62 శాతం దాకా పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని ఐసీఎంఆర్ చేయించిన దేశవ్యాప్త సర్వే చెప్పింది. అదే సర్వే 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని 2023లో లెక్క తేల్చింది. ఇంత అన్నం, ఇంత తెల్లపిండి, ఇంత కూర్చోవడం కలిస్తే ఏమవుతుందో కనిపిస్తూనే ఉంది. అందుకే ఆ ప్రసంగాలకి అంత జనం వెళ్ళారు. వాళ్ళు అమాయకులు కాదు. పది నిమిషాల అపాయింట్‌మెంట్‌లో "స్వీట్లు తగ్గించండి, వాకింగ్ చేయండి" తప్ప ఏమీ వినని మనుషులకి రెండు గంటలసేపు ఇన్సులిన్ గురించి ఎవరో శ్రద్ధగా తెలుగులో చెప్పారు. ఆ తెలుగు బాగుంది కూడా. పొలం, మోటారు, పైపు, గాదె లాంటి పోలికలతో జీవక్రియని అలా చెప్పిన వైద్య పాఠ్యపుస్తకం మనకి లేదు. మన పత్రికల్లో సైన్స్ వ్యాసాలు రాసేవాళ్ళు, నాతో సహా, ఆ లోటుకి సిగ్గుపడాలి.

కానీ మన ఇళ్ళలో ఆచరణలోకి వచ్చేసరికి ఆ తిండి ఎక్కువమందికి శుద్ధంగా నిలవదు. మూడు వారాలు నెయ్యి, నూనె, నాలుగో వారం పెళ్ళి భోజనం. లేదా కొవ్వు కొత్తగా వచ్చి చేరుతుంది, అన్నం పూర్తిగా పోదు. హైదరాబాద్‌లో మన తరం మాత్రం ఏ ప్రసంగమూ వినకుండానే రాత్రి పదకొండింటికి ఇదే పని చేస్తోంది, బిర్యానీ రూపంలో. కొవ్వు కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మదింపజేస్తుంది కాబట్టి రెండు గంటల అంకె మర్యాదగానే ఉంటుంది. అసలు పెరుగుదల తర్వాత, మనం నిద్రపోయాక వస్తుంది. టైప్ 1 మధుమేహం ఉన్నవాళ్ళ మీద 2013లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో, అంతే పిండిపదార్థాలున్న రాత్రి భోజనానికి కొవ్వు జోడించేసరికి దాదాపు నలభై శాతం ఎక్కువ ఇన్సులిన్ కావాల్సొచ్చింది, అయినా గ్లూకోజ్ ఎక్కువే ఉంది. రెండు కట్టెలూ ఒకే పొయ్యిలో దూర్చితే వచ్చే పొగ ఇది. కీటో వాళ్ళ కథలోనూ, కొవ్వు మానమనే వాళ్ళ కథలోనూ దీనికి అధ్యాయం లేదు, మనం నిజంగా తినేది మాత్రం ఇదే.

అంకెని ఒక్కదాన్నే నమ్మడం ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు ఇప్పుడు మన దగ్గర చాలామంది వాడుతున్నారు. అవి గ్లూకోజ్‌ని మూత్రంలోకి పంపేస్తాయి. ఆ మాత్రలు వేసుకుంటూ పిండి పూర్తిగా మానేస్తే రక్తంలో కీటోన్లు ప్రమాదకరంగా పేరుకుని ఆమ్లం పెరగొచ్చు, షుగర్ మాత్రం మామూలుకి దగ్గరగానే చూపించొచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లోనే హెచ్చరించింది. వాంతులు, ఆయాసం, కడుపునొప్పి ఉంటాయి, గ్లూకోమీటర్ చూస్తే 160 అంటుంది, ఇంట్లో వాళ్ళు గ్యాస్ అనుకుంటారు. టైప్ 1 ఉన్న పిల్లల ఇన్సులిన్ మాన్పించడం గురించి చెప్పనే అక్కర్లేదు. డైట్ పుస్తకాన్ని సాహిత్యంగా చదవడం సరదా అనుకుని మొదలెట్టాను కానీ, ఇక్కడికి వచ్చేసరికి సరదా మిగల్లేదు. చదవడంలో తప్పు జరిగితే నవలకి ఏమీ కాదు.

గృహప్రవేశం అయ్యాక మావయ్యకి ఈ స్వీనీ సంగతంతా చెప్పాను. పెద్దగా మెచ్చుకోలేదు. "అయితే నేను బాగుపడ్డానా, లేదా?" అని అడిగాడు. నోట్‌బుక్ చివరి అట్ట లోపల పెన్సిల్‌తో బరువులు రాసి ఉన్నాయి, 84 నుంచి 73 దాకా. బాగుపడ్డారు, కానీ ఆ మూడో గడిలో రాసినందువల్ల కాదు, ఈ అట్ట మీద రాసినందువల్ల అయ్యుండొచ్చు అన్నాను. ఆయనకి నచ్చలేదు. అయినా డాక్టర్ని కనుక్కుని, వారం రోజులు పూటకి ఒక చిన్న గిన్నెడు అన్నం, పప్పు, కూర తిని, ఎనిమిదో రోజు కావాలని పులిహోర చేయించుకుని తిన్నాడు. రెండు గంటలకి 178.

ఒక మనిషి, ఒక నోట్‌బుక్. దీంతో ఏదీ రుజువు కాదు, ఆ రోజు ఆయన పొలం దాకా నడిచి వచ్చాడు కూడా. ఆ 178 పక్కన మార్జిన్‌లో ఏమీ రాయలేదు. నాలుగు పేజీల వెనక 264 పక్కన ఎర్ర ఇంకుతో "అన్నం" అని ఇంకా అలాగే ఉంది.